పల్లీల్లేని ఊళ్ళో ఒక్క పల్లీ

శనివారం పొద్దున నోలీన్ వేసుకున్న పథకం చాలా చిన్నది. కూతురికి టోస్టు పెట్టాలి. టోస్టు తిన్నాక ఒక వేరుశెనగ గింజ పెట్టాలి. రెండు గంటలు కదలకుండా కూర్చోబెట్టాలి. ఆ తర్వాత సాయంత్రం హాల్లో జరిగే తంబోలాకి కేకు చెయ్యాలి. ఇందులో చెడిపోవడానికి ఏముంది అని ఎవరైనా అనుకుంటారు. నోలీన్ కూడా అలాగే అనుకుంది.

కూతురి పేరు టేగన్. పదకొండేళ్ళది. వేరుశెనగ పడదు. పడదంటే దద్దుర్లు రావడం, గోక్కోవడం కాదు. నడక నేర్చిన కొత్తలో క్రికెట్ క్లబ్బు దగ్గర ఎవరో ముద్దు చేసి చేతిలో పెట్టిన బిస్కెట్టు ముక్క కొరికింది. పెదాలు ఉబ్బాయి, గొంతు పూడుకుపోయింది, మొహం నీలంగా తిరిగింది. అంబులెన్సు కొండ దిగి వచ్చేదాకా తారురోడ్డు మీద ఆ పిల్లని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న మనిషి నోలీన్. ఆ తర్వాత ఆమె చేసిన పనులు చూసి నవ్వే హక్కు ఎవరికీ లేదు. అయినా ఈ కథలో నవ్వుతారు. నవ్వండి, కానీ ఆ రోడ్డుని మర్చిపోకుండా నవ్వండి.

చిక్కేమిటంటే, ఆస్ట్రేలియాలో ఉన్న మా ముర్రింబా వేరుశెనగ పండించే ఊరు. క్వీన్స్‌లాండ్ ఎర్రమట్టిలో తాతల నాటి నుంచి అదే పంట. ఊరి మొదట్లో లారీ అంత కాంక్రీటు శెనక్కాయ నిలబెట్టుకున్న జనం మేము. అలాంటి ఊళ్ళో నోలీన్ ఉద్యమం లేవదీసింది. టేగన్‌ని బళ్ళో వేసిన రోజు మొదలు. ముందు బడి, తర్వాత బేకరీ, తర్వాత క్లబ్బు, చివరికి పబ్బు. పొలంలో పండించుకోండి, లారీ ఎక్కించండి, ఊళ్ళోకి మాత్రం ఒక్క గింజ రావడానికి వీల్లేదు. కాదన్నవాళ్ళ ఇంటి ముందు మడత కుర్చీ వేసుకుని కూర్చునేది. కూర్చుని, ఆ రోడ్డు మీద జరిగింది మొదటి నుంచి చివరిదాకా చెప్పేది. రెండోసారి వినడం మొదలయ్యేసరికి ఎంతటి మొండివాడైనా ఇంట్లో ఉన్న పల్లీ వెన్న సీసా తెచ్చి ఆమె కాళ్ళ దగ్గర పెట్టేవాడు. కౌన్సిలు వాళ్ళయితే కాంక్రీటు శెనక్కాయకి నారింజ రంగు పూయించి గుమ్మడికాయ అని బోర్డు రాయించారు. నడుము ఉన్న గుమ్మడికాయ లోకంలో అదొక్కటే.

ఆరేళ్ళు గడిచాయి. బ్రిస్బేన్‌లో పెద్దాసుపత్రి డాక్టర్లు టేగన్‌కి ఓ కొత్త వైద్యం మొదలుపెట్టారు. మందు వేరే ఏదీ కాదు, వేరుశెనగే. మొదట కంటికి ఆననంత పొడి, పెరుగులో కలిపి. ఒంటికి అలవాటయ్యేకొద్దీ ఇంకాస్త. పెంచిన ప్రతిసారీ ఆసుపత్రిలోనే, నర్సు కళ్ళ ముందే. ఏడాది పైగా అలా ఎక్కుతూ ఎక్కుతూ, ఇప్పుడు రోజుకి ఒక వేయించిన గింజ దాకా వచ్చారు. తిన్నాక రెండు గంటలు పరుగులు, గంతులు ఉండకూడదు. నిద్రపోకూడదు. ఒళ్ళు ఎదురు తిరిగితే పొడవడానికి అడ్రినలిన్ సూది చేతికి అందేచోట ఉండాలి. దీనివల్ల జబ్బు పోదు. పొరపాటున ఎక్కడైనా ఓ తుంపు నోట్లో పడితే ప్రాణం మీదికి రాకుండా కాస్తుంది, అంతే.

ఈ సంగతి ఊళ్ళో ఎవరికీ తెలియదు. నోలీన్ చెప్పలేదు. సిగ్గు కొంత ఉంది, లేదనకూడదు. భయం అంతకంటే ఎక్కువ. పిల్ల పల్లీ తింటోందని పొద్దున పొక్కితే, సాయంత్రానికి పిల్లకి నయమైపోయిందని అవుతుంది. మర్నాడు ఎవరో ప్రేమ పట్టలేక గుప్పెడు చేతిలో పోస్తారు. ఊళ్ళో శత్రువుల్ని చూసి నోలీన్ ఎప్పుడూ భయపడలేదు. ముద్దు చేసేవాళ్ళని చూస్తేనే ఆమెకి వణుకు.

ఆ వారం టేగన్‌కి జ్వరం తగిలింది. జ్వరంలో గింజ పెట్టకూడదు కాబట్టి ఆపారు. జ్వరం దిగాక నర్సు ఫోనులో నిక్కచ్చిగా చెప్పింది. శనివారం గింజ పడాలి. అదీ తప్పితే కిందికి దించి, మళ్ళీ ఆసుపత్రిలో మెల్లగా ఎక్కించుకు రావాలి. అలా దిగితే వచ్చే నెల ఆసుపత్రిలో జరగాల్సిన పరీక్ష జరగదు. పరీక్ష గట్టెక్కకపోతే బడి పిల్లలతో సముద్రం దగ్గర శిబిరానికి పంపేది లేదు. టేగన్ పుట్టిన దగ్గర్నుంచి అమ్మ లేకుండా ఒక్క రాత్రి బయట పడుకుని ఎరగదు. శిబిరానికి ఇంకా వారాలు ఉండగానే సంచి సర్దుకుని మంచం కింద పెట్టుకుంది.

టోస్టు అయింది. నోలీన్ బట్టలుతికే గదిలోకి వెళ్ళి, తొట్టి కింద ‘చీమల మందు’ అని రాసి ఉన్న రేకుడబ్బా తీసింది. గింజలు దాచింది అందులోనే. మూత తీసింది. లోపల ఖాళీ. ఖాళీయే కాదు, ఎవరో కడిగి, గుడ్డతో తుడిచి మరీ పెట్టారు.

“అత్తయ్యా! ఈ డబ్బా కడిగింది మీరేనా?”

థెల్మా, నోలీన్ అత్తగారు, వంటింట్లోంచి తల బయటికి పెట్టింది. పిల్లకి జ్వరమని సాయానికొచ్చి, వాన పట్టుకుని వాగు పొంగడంతో ఇక్కడే చిక్కుకుపోయింది.

“నేనేనమ్మా. తుప్పు పట్టేలా ఉంటేనూ.”

“లోపల ఉన్నవి ఏవీ?”

“లోపలా? లోపల ఏం ఉంటాయి, చీమల మందేగా. అయిపోయినట్టుంది,” అంది థెల్మా, పైకప్పు వంక చూస్తూ.

అసలు జరిగింది ఇదీ. ముందు రోజు శుభ్రం చేస్తూ థెల్మా ఆ డబ్బా తెరిచింది. పల్లీలు! ఈ ఇంట్లో! కోడలు తెచ్చి ఉండదు, మనవరాలు ముట్టదు. మిగిలింది తన కొడుకు డారిల్. వేరుశెనగ రైతు కొడుకు, వేరుశెనగ రైతు మనవడు, నాలుక చంపుకోలేక కన్నకూతురికి విషమైన వస్తువుని ఇంట్లో దాచుకుని తింటున్నాడు! ఇది నోలీన్ కంటపడితే కాపురం ఉంటుందా? వాణ్ణి నిలదీద్దామంటే వాడు పశువుల సంతకి వెళ్ళి, వాగుకి అవతల ఉండిపోయాడు. థెల్మా తల్లి మనసు ఇంకేం ఆలోచించలేదు. గింజలన్నీ తీసుకెళ్ళి కోళ్ళకి పోసింది, డబ్బా కడిగింది, చేతులు కడుక్కుంది, నోరు కుట్టేసుకుంది. నోరు కుట్టేసుకోవడం ఆమె జీవితంలో అదే మొదలు. వైద్యం సంగతి ఆమెకి చెప్పకపోవడానికి కారణం కూడా అదే. థెల్మా చెవిన వేస్తే రేడియోలో చెప్పినట్టే.

నోలీన్ ఇల్లంతా తిరగేసింది. తనే ఎక్కడో మార్చి పెట్టానేమో అని అలమరలు వెతికింది. దొరకలేదు. డారిల్‌కి ఫోన్ చేసింది.

“గింజలేవి? నువ్వు గానీ తీశావా?”

“నేనా? నేను వాటి వంక చూడ్డానికే భయపడతా కదే,” అన్నాడు డారిల్. “సరే, ఇక్కడ కొట్టు మూసేలోపు కొంటా. వాగు దగ్గరికి వస్తా, ఇవతల్నుంచి విసురుతా. వచ్చేసరికి మధ్యాహ్నం అవుద్ది.”

“ఒక్కటి చాలు. త్వరగా రా.”

అందాకా ఊరికే కూర్చునే రకం కాదు నోలీన్. అడిగితే పోయేదేముంది, విన్స్ కొట్లో చూద్దామని బయల్దేరింది. ఊరు మునగడం అక్కడ మొదలైంది.

“విన్స్, ఒక పల్లీ కావాలి.”

విన్స్ చేతిలో టమాటా డబ్బా అక్కడే ఆగిపోయింది. “ఏం కావాలన్నావ్?”

“పల్లీ. వేయించింది. ఉప్పు, మసాలా లేకుండా. ఒక్క గింజ చాలు.”

“నోలీన్, నా కొట్లో ఆ వస్తువు అమ్మి ఆరేళ్ళయింది. మా అమ్మ మీద ఒట్టు.”

“మీ అమ్మ పోయింది కదయ్యా.”

“పోయినావిడ మీద దొంగ ఒట్టు వేస్తానా?”

“కోప్పడకు. కౌంటరు కింద ఎక్కడైనా పాతవి...”

“కౌంటరు కింద ఏం లేదు!” విన్స్ గొంతు కీచుగా లేచింది. “కౌంటరు కింద అని ఎవరు చెప్పారు నీకు?”

కౌంటరు కింద, పిల్లుల దొడ్డికి పరిచే మట్టి సంచి వెనకాల, పల్లీ వెన్న సీసాలు వరసగా ఉన్నాయి. నమ్మకమైన వాళ్ళు వచ్చి ‘పిల్లికి మంచిది ఏమైనా ఉందా’ అని అడిగితే వాటిని కాగితంలో చుట్టి ఇచ్చేవాడు. ఊళ్ళో పిల్లులు లేని ఇళ్ళవాళ్ళే ఎక్కువగా కొనేవాళ్ళు.

నోలీన్ గుమ్మం దాటగానే విన్స్ పబ్బుకి ఫోన్ కొట్టాడు. “బెవ్, తనిఖీకి బయల్దేరింది! కాదు, కుర్చీ తేలేదు. ఈసారి ఎత్తు వేరే. తనే కొనడానికొచ్చినట్టు నటిస్తోంది. ‘ఒక్కటి చాలు’ అంటోంది పాపం లాగా. ఒక్కటి ఇచ్చామో, అయిపోయాం మనం.”

పబ్బు నడిపే బెవ్ చురుకైన మనిషి. నోలీన్ వచ్చేసరికి బారు వెనక దాచిన డబ్బా మొత్తం కుక్క ముందు ఒంపేసింది. కుక్క మూతి నాక్కుంటోంది.

“బెవ్, నీ దగ్గర పల్లీలుంటాయని నాకు ఎప్పట్నుంచో అనుమానం,” అంది నోలీన్.

“ఉండేవి... అంటే, ఉండవు. ఎప్పుడూ లేవు తల్లీ.”

“నేనేమీ అనను. నిజంగా అనను. నాకు కావాలి.”

“నీకా? నీకెందుకు?”

అబద్ధాలు చెప్పే అలవాటు లేని మనుషులకి ఇదే కష్టం. అవసరం పడినప్పుడు నోటికొచ్చిన మొదటి అబద్ధం బయటికి దూకుతుంది.

“కేకులోకి,” అంది.

మూల కూర్చున్న ముసలి రైతు టోపీ తీసి మళ్ళీ పెట్టుకున్నాడు. “తంబోలా కేకులోనా? పల్లీలా? నువ్వా?”

“అబ్బే, ఊరికే అన్నా,” అని నోలీన్ బయటపడింది.

ఆమె వీధి చివర తిరిగేలోపు మాట ఊరంతా తిరిగింది. సాయంత్రం తంబోలాలో నోలీన్ పల్లీ కేకు పెడుతోందట. ముక్క నోట్లో పెట్టుకోగానే ఎవరి మొహం వెలుగుతుందో చూసి, వాళ్ళ ఇళ్ళ ముందు రేపట్నుంచి కుర్చీ వేస్తుందట. ఫోన్లు మోగాయి. ఒకరికొకరు చెప్పుకున్నారు. ఒక్క రోండాకి మాత్రం ఎవరూ చెప్పలేదు. రోండా నోలీన్‌కి కుడిభుజం. బడి గేటు దగ్గర నిలబడి పిల్లల భోజనం డబ్బాలు తెరిపించి వాసన చూసే మనిషి. ఆవిడకి చెప్పడమంటే నోలీన్‌కి చెప్పడమే కదా అని అందరూ ఆవిణ్ణి దాటేశారు.

మధ్యాహ్నం వాగు దగ్గర నీళ్ళు ఎర్రగా సుడులు తిరుగుతున్నాయి. దారికి అడ్డంగా పెట్టిన కంచె పక్కన పోలీసు డగ్ తన బండిలో కూర్చుని కునుకు తీస్తున్నాడు. అవతలి ఒడ్డున డారిల్ పొట్లం పైకెత్తి చూపించాడు. కుర్రతనంలో ఆయన ఊరి జట్టుకి ఫాస్ట్ బౌలరు. ఇప్పుడు భుజం పనికిరాదు గానీ, ఆ మాట ఒప్పుకోడు.

“రాయి కట్టావా?” అని అరిచింది నోలీన్.

“కట్టా!”

“అయితే విసురు! గట్టిగా విసురు! మొత్తం విసిరెయ్!”

డారిల్ పాతరోజుల్లోలా నాలుగడుగులు పరుగెత్తి విసిరాడు. పొట్లం అందంగా లేచింది. వాగు నడిమధ్యన అంతకంటే అందంగా పడింది. రాయి కట్టడం వల్ల తేలకుండా మునిగింది.

“ఇంకోటి ఉందా?”

“ఒకటే కొన్నా! నువ్వేగా ఒక్కటి చాలన్నావ్!”

“ఒక్క గింజ అన్నానయ్యా, ఒక్క పొట్లం కాదు! పరుగెత్తి ఇంకోటి కొనుక్కురా!”

“శనివారం కదే! కొట్లు మూసేశారు!” అని డారిల్ అక్కడే బురదలో చతికిలబడ్డాడు.

డగ్‌కి మెలకువ వచ్చింది ‘విసిరెయ్’ దగ్గర. ఆ తర్వాతి మాటలు వాగు హోరులో కలిసిపోయాయి. అతను చూసింది ఇదే. నోలీన్ ఇవతల ఒడ్డున చేతులు ఊపుతూ అరుస్తోంది. పాపం డారిల్ తన పల్లీల పొట్లానికి రాయి కట్టి తన చేత్తోనే వాగులో ముంచేశాడు. ముంచేసి కూలబడ్డాడు. డగ్ బండి దిగి, టోపీ సరిచేసుకుని, సెల్యూట్ చేసినంత పని చేశాడు.

“మొగుడైనా వదల్లేదు చూడు. నీలాంటి మనిషిని నా సర్వీసులో చూళ్ళేదు నోలీన్.”

“డగ్, నీ బండిలో పల్లీలుంటే ఒకటి ఇవ్వు. నీకు దండం పెడతా.”

డగ్ మొహం పాలిపోయింది. “నా బండిలోనా? పోలీసు బండిలోనా?” అంటూనే వెనక్కి నడిచాడు. బండి చాటుకి వెళ్ళాడు. వాగులో ఏదో పడిన చప్పుడు వినిపించింది. ఆ తర్వాత అతను చేసిన ఫోన్లతో ఊళ్ళో మిగిలిన కాస్త ధైర్యం కూడా పోయింది. వాగు అవతలున్న సొంత మొగుడే తప్పించుకోలేకపోయాడట, ఇక మనమెంత?

నోలీన్ ఆ మధ్యాహ్నం ఎక్కని గుమ్మం లేదు. తలుపు తీసిన ప్రతివాడి బుగ్గలూ ఉబ్బి ఉన్నాయి. నమలడం ఆపి, కష్టం మీద మింగి, నీళ్ళు నిండిన కళ్ళతో “లేవమ్మా” అన్నాడు. రిటైరైన టీచరు పల్లీ వెన్న సీసా మొత్తం గరిటెతో తినేసి సోఫాలో వెల్లకిలా పడుకుంది. టాయిలెట్లలో నీళ్ళు ఆగకుండా పారుతున్నాయి. పెరళ్ళలో కొత్తగా పూడ్చిన మట్టి. విన్స్ కొట్టు వెనక చెత్తడబ్బా మీద తెల్ల కాకటూలు గుంపుగా వాలి పండగ చేసుకుంటున్నాయి. ఆరేళ్ళు గొంతు చించుకుని నోలీన్ సాధించలేనిది ఆ పూట సాధించింది. ముర్రింబాలో ఒక్క వేరుశెనగ గింజ లేదు.

ఇంటికి వచ్చి వంటింటి కుర్చీలో కూలబడింది. థెల్మా అప్పటికే ఏడుస్తోంది. డారిల్ సంగతి ఆమెకీ ఫోన్‌లో చేరింది.

“వాణ్ణి వదిలెయ్యకమ్మా నోలీనూ. వాడు చెడ్డవాడు కాదు. వాళ్ళ నాన్న అలవాటు చేశాడు. బలహీనత, అంతే. వదిలించవచ్చు.”

“ఏం బలహీనత అత్తయ్యా?”

“పల్లీల బలహీనత! చీమల మందు డబ్బాలో దాచుకున్నాడు. నువ్వు చూస్తే బతకనివ్వవని నేనే తీసి కోళ్ళకి పోశాను. ఆ గుడ్లు మాత్రం పిల్లకి పెట్టకు.”

నోలీన్ ఉన్నదంతా చెప్పేసింది. ఆసుపత్రి, పొడి, పెరుగు, జ్వరం, గింజ, శిబిరం. వింటూ వింటూ థెల్మా నోటికి కొంగులా ఏప్రాన్ అడ్డం పెట్టుకుంది.

“నా చేతులు విరగ్గొట్టండి,” అంది చివరికి. వెంటనే లేచింది. “ఎర్రకోడి అన్నిటికంటే ఎక్కువ తింది. కోసి చూద్దామా?”

“అత్తయ్యా!”

“పొలంలో తవ్వుకొస్తా పోనీ!”

“ఫిబ్రవరిలో పొలంలో ఏముంటాయి, ఇంకా కాయ కట్టని ఊడలు తప్ప? వేయించిన గింజ కావాలి. తూకం సరిపోవాలి.”

నోలీన్‌కి నవ్వొచ్చింది. నవ్వుతూ ఉండగానే ఏడుపొచ్చింది. రెండూ కలిసిపోయి ఏం చెయ్యాలో తెలియకుండా ఉన్నప్పుడు టేగన్ గుమ్మంలో నిలబడి ఉంది. ఎప్పట్నుంచి వింటోందో.

“పోనీలే అమ్మా,” అంది. “శిబిరానికి వచ్చే ఏడాది వెళ్తాలే. నానమ్మని తిట్టకు.”

పిల్ల ఏడ్చినా బాగుండేది. ‘పోనీలే’ అని అంత తేలిగ్గా అనడం ఆ వయసుకే అలవాటైపోయింది. పుట్టినరోజు కేకు దగ్గర పోనీలే, స్నేహితురాలి ఇంట్లో పోనీలే, ఐస్‌క్రీమ్ బండి దగ్గర పోనీలే. నోలీన్ లేచి మొహం కడుక్కుంది. చిన్న తక్కెడా, అడ్రినలిన్ సూదీ సంచిలో వేసుకుంది.

“చెప్పులేసుకో. హాలుకి వెళ్తున్నాం.”

హాల్లో ఆ సాయంత్రం జనం పొట్టలు పట్టుకుని కూర్చున్నారు. ఆరేళ్ళు దాచినవి ఒక్క పూటలో తింటే ఎవరి పొట్ట ఊరుకుంటుంది? నోలీన్ చేతిలో కేకు లేకపోవడం చూసి కొంతమంది ఊపిరి పీల్చుకున్నారు. ఆమె తిన్నగా వేదిక ఎక్కి మైకు తీసుకుంది. ఆ రోడ్డు కథ మళ్ళీ చెబుతుందని అందరూ తలలు దించుకున్నారు.

“నా కూతురు ఏడాదిగా పల్లీ తింటోంది,” అంది నోలీన్.

తలలన్నీ ఒకేసారి లేచాయి.

“దొంగతనంగా కాదు. వైద్యం. డాక్టర్లు చెప్పినట్టు రోజూ ఒక గింజ. ఇవాళ పడాలి. పడకపోతే ఏడాది పడిన పాట్లన్నీ వెనక్కి పోతాయి, పిల్ల శిబిరానికి వెళ్ళదు. పొద్దున్నుంచి మీ గుమ్మాలు ఎక్కింది తనిఖీకి కాదు. అడుక్కోవడానికి. ఎవరి దగ్గరైనా ఒక్క గింజ ఉంటే ఇవ్వండి. ఎప్పట్నుంచి ఉంది, ఎందుకుంది అని అడగను.”

“ఇదేదో పరీక్ష,” అని వెనక నుంచి బెవ్ గొణిగింది.

టేగన్ అమ్మ పక్కన నిలబడింది. “పరీక్ష కాదు బెవ్ ఆంటీ. ఇదిగో, ఇందులో తూకం వేసుకుని తింటా,” అని తక్కెడ ఎత్తి చూపించింది.

అప్పుడు నమ్మారు. నమ్మిన క్షణంలో హాలంతా మూలిగింది.

“అయ్యో తల్లీ, పొద్దున చెబితే డబ్బాడు ఇచ్చేదాన్ని కదా! కుక్కకి పెట్టేశా!”

“నా కౌంటరు కింద అలమర నిండా ఉన్నాయి నోలీన్!”

“నా గరాజులో బస్తా!” అన్నాడు ముసలి రైతు.

“బస్తానా?” అంది నోలీన్.

ముసలాయన టోపీ కిందికి లాక్కున్నాడు. ఉన్నవాళ్ళందరూ ఉండేదని చెప్పుకున్నారు, ఉందని చెప్పినవాడు ఒక్కడూ లేడు. డగ్ వాగు గురించి ఏదో అనబోయి ఊరుకున్నాడు.

అప్పుడు మూడో వరసలో కుర్చీ కిర్రుమంది. రోండా లేచి నిలబడింది. మొహం బీట్రూట్ దుంపలా ఎర్రబడింది. చేతిసంచి తెరిచింది, లోపల కళ్ళజోడు పెట్టె తెరిచింది, దాని అడుగునుంచి చిన్న పొట్లం తీసింది.

“ఉప్పు లేనివే,” అంది నేల చూస్తూ. “నాకు బీపీ కదా.”

బడి గేటు దగ్గర రోండా చేత తిట్లు తిన్న తల్లులు పాతికమంది ఉంటారు అక్కడ.

“ఎప్పట్నుంచి?” అంది నోలీన్. అడగనన్న మాట ఆమె అప్పుడే మర్చిపోయింది.

“మొదటి నెల నుంచే. పొద్దున్నే పిల్లల డబ్బాలు వాసన చూసీ చూసీ... నోరూరేది నోలీన్, నన్నేం చెయ్యమంటావ్? కార్లో అద్దాలు ఎత్తుకుని తినేదాన్ని. తిన్నాక చేతులు మూడుసార్లు కడుక్కునేదాన్ని. నోరు పుక్కిలించేదాన్ని. ఆ చేతులతో నీ పిల్లని ఏనాడూ ముట్టుకోలేదు, నమ్ము.”

“నాకెవరూ ఫోన్ చెయ్యలేదేంటి ఇవాళ?” అని కూడా అడిగింది రోండా, కాస్త బాధగా.

నోలీన్ పేలుతుందని ముందు వరస వాళ్ళు కుర్చీలు కాస్త వెనక్కి జరుపుకున్నారు కూడా. ఆమె వేదిక దిగి వచ్చి రోండా ముందు చెయ్యి చాపింది.

“నువ్వు లేకపోతే ఇవాళ నా పని అయిపోయేది,” అంది. “ఇవ్వు.”

ముందు పిల్లకి మాంసం పఫ్ పెట్టారు, ఖాళీ కడుపు కూడదు కాబట్టి. తక్కెడ మీద ఒక్కో గింజ వేసి చూశారు. ఒకటి బరువు, ఒకటి తేలిక, ఒకటి సరిగ్గా. వేరుశెనగ గింజని అంత శ్రద్ధగా ఆ ఊళ్ళో ఏ వ్యాపారీ తూచలేదు. సూది బల్ల మీద పెట్టారు. టేగన్ గింజ నోట్లో వేసుకుని, ముక్కు మూసుకుని, నమిలి మింగింది.

“జబ్బు పోలేదు, గుర్తుంచుకోండి,” అంది నోలీన్ మైకులో. “డాక్టర్లు ఇమ్మన్నది ఒక్కటే. ప్రేమ ఎక్కువై ఎవరైనా రెండోది పెట్టారో, కుర్చీ వేసుకుని మీ గుమ్మం ముందు కాదు, మీ మంచం పక్కనే కూర్చుంటా.”

తర్వాతి రెండు గంటలు ముర్రింబాలో అంతకుముందు ఎన్నడూ జరగని తంబోలా జరిగింది. పిల్ల ఉలిక్కిపడకూడదని అంకెలు గుసగుసగా చెప్పారు. డగ్ ఆమె కుర్చీ వెనక కాపలా నిలబడ్డాడు. ఒకసారి టేగన్ మెడ గోక్కుంది. హాలంతా ఊపిరి బిగబట్టింది, విన్స్ కళ్ళు మూసుకుని వాళ్ళమ్మని తలుచుకున్నాడు. దోమ. థెల్మా దాన్ని ఒక్క దెబ్బకి చంపింది. ఇంకోసారి టేగన్ గడులన్నీ నిండాయి. “వచ్చేసింది!” అని ఎగరబోయింది.

“కూర్చో!” అని ఊరు ఊరంతా ఒక్క గొంతుతో అరిచింది.

కూర్చుంది. ఏమీ కాలేదు. రెండు గంటలూ దాటిపోయాయి. నోలీన్ సూదిని సంచిలో వేసుకుని, అప్పుడు మొదటిసారి టీ తాగింది. వాగు అవతల ట్రక్కులో కూర్చున్న డారిల్‌కి ఫోన్ చేసి చెబితే, ఆయన హారన్ కొట్టిన మోత హాలు దాకా వినిపించింది.

బెవ్‌కి ఉత్సాహం ఆగలేదు. వచ్చి టేగన్ ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. చుట్టూ రైతులు మూగారు. నాలుగు తరాలు ఎర్రమట్టిలో నడుములు విరగ్గొట్టుకుని పండించిన పంట అది. ఈ పిల్ల నోటి నుంచి ఒక మంచి మాట వినాలని వాళ్ళ మొహాల మీద రాసి ఉంది.

“చెప్పు బంగారూ,” అంది బెవ్. “ఎలా ఉంటుంది మన పల్లీ రుచి?”

టేగన్ మర్యాద తెలిసిన పిల్ల. కాసేపు ఆలోచించింది. అబద్ధం చెప్పడం తల్లి నేర్పలేదు.

“ఛీ,” అంది. “తడి అట్టముక్క నమిలినట్టు ఉంటుంది. రోజూ ముక్కు మూసుకునే మింగుతా. మీరంతా దీన్ని ఇష్టపడి తింటారా?”

ముసలి రైతు టోపీ తీసుకుని ఇంటికి వెళ్ళిపోయాడు.

టేగన్ పరీక్ష గట్టెక్కింది, శిబిరానికి వెళ్ళింది, కాలికి గవ్వ గుచ్చుకోవడం తప్ప ఏ ఆపదా లేకుండా తిరిగి వచ్చింది. బళ్ళో నిషేధం అలాగే ఉంది, ఉండాలి కూడా. నోలీన్ పెట్టిన ఆరేళ్ళ బాధల్ని ముర్రింబా ఆ రాత్రే క్షమించింది గానీ, ఆ ‘ఛీ’ని మాత్రం ఇప్పటికీ క్షమించలేదు.